సమితి నుంచి తండా పంచాయతీ దాకా

కొల్లాపూర్ సమితి అన్న పేరు మీలో చాలామందికి కొత్త. ఇంట్లో పెద్దలనడిగితే చెబుతారు.

1959లో మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లోనే ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులకు శ్రీకారం చుట్టారు. మొదట్లో ఊళ్ల సర్పంచులే సమితి సభ్యులు. అధ్యక్షుణ్ణి వారే ఎన్నుకునేవారు. మన తండాలు, చెంచు పెంటలు పెద్ద ఊళ్ల పంచాయతీల్లో కలిసి ఉండేవి. ఓట్లు తక్కువ కాబట్టి సర్పంచి పీఠమే మనకు దూరం, ఇక సమితి మాటేమిటి? పైగా చెంచులకు ఎస్టీ గుర్తింపు ముందే ఉన్నా, తెలంగాణ లంబాడీలకు అది 1976 చట్టంతోనే వచ్చింది.

1986 చట్టంతో సమితులు పోయి మండలాలు వచ్చాయి. 1987లో మండలాధ్యక్షులను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. 1994 చట్టం వచ్చాక మనం ఎంపీటీసీలను గెలిపిస్తే, వారు ఎంపీపీని ఎన్నుకుంటున్నారు. 2016లో కొల్లాపూర్ మండలం నుంచి పెంట్లవెల్లి విడిపోయింది.

2018 చట్టంతో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి. అందరూ గిరిజనులే ఉన్న పంచాయతీల్లో సర్పంచి, వార్డు స్థానాలన్నీ మనవే. 2019 జనవరిలో వాటికి తొలి ఎన్నికలు జరిగాయి. కానీ జనం తక్కువున్న చెంచు పెంటలు ఇంకా పక్క ఊరి పంచాయతీల్లోనే ఉన్నాయి.

అందుకే ఓటు వేసి ఊరుకోవద్దు. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని చట్టంలోనే ఉంది. సభకు వెళ్దాం, లెక్కలు అడుగుదాం. పెంటల్లోని మన చెంచు అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను వెంట తీసుకెళ్దాం.