గోదావరి తీరాన చిత్రకళ
ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు కావడం వల్ల, అడవి బాపిరాజు వంటి విద్యార్థుల్లోని సృజనను గుర్తించి ప్రోత్సహించాడు. 1897లో పుట్టిన దామెర్ల రామారావు బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్లడం వెనుక ఉన్నదీ ఆయన ప్రోద్బలమే. అక్కడ పాశ్చాత్య వాస్తవిక శైలిని, అనగా వెలుగునీడలతో ఆకృతికి నిండుదనం తెచ్చే పద్ధతిని అభ్యసించినప్పటికీ, రామారావు దానికే కట్టుబడిపోక, సన్నని లయబద్ధమైన రేఖతో పూలు సింగారించుకునే తెలుగు స్త్రీలను, గోదావరి పరిసరాలను చిత్రించాడు. పరాయి విద్యను సొంత నేల కోసం వినియోగించిన ఈ వివేకమే ఆయన అసలైన ఘనత. స్వస్థలానికి తిరిగివచ్చి చిత్రకళా పాఠశాల నెలకొల్పిన ఆయన, 1925లో మశూచి సోకి, 28 ఏళ్లయినా నిండకుండానే మరణించగా, సహచరుడైన వరదా వెంకటరత్నం ఆ శిక్షణను కొనసాగించాడు. రామారావు భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ ఆ బాటలోనే నడిచారు.