మన గోదారి నీళ్లు, తారిణి పడవ



ఈసారి పోస్ట్ సముద్రం గురించి. ఇచ్చోడలో ఉండి సముద్రమేంది అని నవ్వకుండ్రి. మా హాస్టల్ రూములో ఒక్కరం కూడా సముద్రం చూడలే. అయినా రాస్తున్నం, ఈ చరిత్రలో మనకూ ఒక పాయ ఉంది కాబట్టి.

2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ బయలుదేరింది. పొడవు 56 అడుగులు, అంటే మన ఆర్టీసీ బస్సుకు ఒకటిన్నర అంత. అందులో ఆరుగురు నౌకాదళ ఆఫీసర్లు, అందరూ ఆడవాళ్లే. నాయకురాలు వర్తికా జోషి. మిగతా ఐదుగురిలో ఇద్దరు తెలుగోళ్లు: విశాఖపట్నం పి. స్వాతి, హైదరాబాద్ బొడ్డపాటి ఐశ్వర్య. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫాక్‌లాండ్స్, కేప్‌టౌన్ మీదుగా భూమి చుట్టూ తిరిగిండ్రు. స్టీరింగ్ పాడైతే మారిషస్‌లో ఆగి బాగు చేయించుకున్నరు. 254 రోజులకు, 2018 మే 21న, గోవా చేరిండ్రు. 21,600 నాటికల్ మైళ్లు, మన లెక్కన దాదాపు 40,000 కిలోమీటర్లు.

పేపర్లన్నీ సాహసం అని రాసినయి. సాహసమే, కాదనలేం. కానీ మాకు నచ్చింది వేరే. దారి పొడవునా సముద్రంలో కాలుష్యం ఎట్లుందో చూసి రాసుకోవడం, గాలి, అలల వివరాలు పంపడం, ఆగిన రేవుల్లో పిల్లలతో కలిసి మాట్లాడటం కూడా ఆ ప్రయాణం పనుల్లోనే ఉన్నయి.

పేరు సంగతి చెప్పాలె. తారిణి అంటే పడవ. ఒడిశా గంజాం జిల్లాలో రుషికుల్య నది ఒడ్డున కొండ మీద తారా తారిణి గుడి ఉంది. పడవల మీద పోయే వ్యాపారులు కొలిచిన అమ్మవారు. అదే నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకు వేలు వచ్చి గుడ్లు పెడతయి. ఆ తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారులు చాలామంది ఉన్నరు, అక్కడోళ్లు వాళ్లను నొలియాలంటరు. తాబేళ్ల గుడ్లను కాపాడే పనిలో ఆ ఊళ్ల జనం చేయి ఉంది. తాబేళ్ల కాలంలో వేట బంద్ పెడితే ఆకలయ్యేది కూడా వాళ్లకే.

ఇది చదివినప్పుడు మాకు కవ్వాల్ గుర్తొచ్చింది. 2012లో టైగర్ రిజర్వ్ అయ్యింది. అడవిని ఇన్నేండ్లు ఉంచింది ఎవరు, ఊరు ఖాళీ చెయ్యమంటే ఎవరికి అంటున్నరు? మనకు పులి మీద కోపం లేదు, నొలియాలకు తాబేలు మీద కోపం ఉండదు. కాపాడే పనిలో అక్కడోళ్ల మాట ఎంత చెల్లుతుందనేదే లెక్క. సంరక్షణ పాఠం చెప్పేటోళ్లు ఈ ముక్క దగ్గర గబగబా దాటిపోతరు.

ఇంక మన పాయ. పాత కరీంనగర్ జిల్లా కోటిలింగాల గోదారి ఒడ్డునే ఉంది. అక్కడ తొలి శాతవాహనుల నాణేలు దొరికినయి. అదే వంశపు తర్వాతి రాజుల నాణేల మీద ఓడ బొమ్మ ఉంటది, అవి తూర్పు తీరంలో దొరికినయి. ఒక వంశం కథ మన గోదారి గట్టు నుంచి ఓడల దాకా పోయిందన్నమాట. పుస్తకంలో ఈ రెండూ వేరు వేరు పేజీల్లో ఉంటయి, కలిపి చెప్పినోళ్లు మాకు దొరకలే.

మెస్రం వంశస్థులు నాగోబా కోసం కాలినడకన హస్తినమడుగు పోయి గోదారి నీళ్లు తెస్తరు కదా. కుంటాల దూకిన కడెం నీళ్లు కూడా ఆ గోదారిలోనే కలుస్తయి. ఆ గోదారి చివరికి కోరింగ మడ అడవుల దగ్గర సముద్రంలో పడుతది. కుంటాల చూసొచ్చినోళ్లు రాళ్ల మీద వదిలిన వాటర్ బాటిల్, చిప్స్ కవర్ వానాకాలం వరదకు ఎటు పోతయో ఆలోచించుండ్రి.

హుస్సేన్ సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వాళ్లు పేదింటి పిల్లలకు తెరచాప పడవ నడపడం నేర్పుతున్నరు. 2014లో మలావత్ పూర్ణ 13 ఏండ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, ఆమె గురుకులం పిల్ల. కొండకు తీసుకపోయినోళ్లు ఉన్నరు కాబట్టి ఎక్కింది. ఉట్నూర్ ఐటీడీఏకు వచ్చే నెల మేం ఒక కాగితం ఇద్దామనుకుంటున్నం: హాస్టల్ పిల్లలకు ఏడాదికి ఒక్కసారి కోరింగ దాకా టూర్, అక్కడి మత్స్యకారుల ఊర్లో రెండు రోజులు. సంతకం పెట్టేటోళ్లు పేరు, ఊరు, హాస్టల్ రాసి పంపుండ్రి.