నక్షత్రపు గుర్తుతో ఫైళ్ల అన్వేషణ: పైథాన్ భాషలో గ్లాబ్

పేరు పూర్తిగా తెలియని ఫైళ్లను కొన్ని గుర్తుల సాయంతో వెదకి తీయు పద్ధతికి గ్లాబ్ అని పేరు. ఇది 'గ్లోబల్' అను మాటకు కుదింపు. బెల్ ల్యాబ్స్ వారి యూనిక్స్ తొలి కూర్పులోనే (1971) ఈ పేరుగల చిన్న ప్రోగ్రాము ఉండేది. పైథాన్ భాషలో ఇదే పేరుగల మాడ్యూలు భాషతోబాటే లభిస్తుంది.

ఇందులో గుర్తులు మూడే. నక్షత్రం (*) ఎన్ని వర్ణాలకైనా, అసలేమీ లేని చోటికైనా సరిపోతుంది. ప్రశ్నార్థకం (?) ఒకే వర్ణానికి సరిపోతుంది. చదరపు కుండలీకరణంలో వ్రాసిన వాటిలో ఏదైనా ఒకటి ఉంటే చాలును. పట్టాలు, పహాణీలు స్కాన్ చేసి దాచుకున్న కుటుంబం 'పహాణీ*' అని అడిగితే, ఆ పేరుతో మొదలయ్యే ఫైళ్లన్నీ ఒక జాబితాగా వస్తాయి.

తెలుగు పేర్లకు మాత్రం ఒక చిక్కు ఉంది. యూనికోడ్‌లో గుణింతపు గుర్తు, పొల్లు విడివిడి వర్ణాలు. 'బళ్లారి' కంటికి మూడక్షరాలే. కంప్యూటరుకు బ, ళ, పొల్లు, ల, దీర్ఘం, ర, గుడి కలిపి ఏడు. మూడు ప్రశ్నార్థకాలు పెట్టి వెదికితే ఆ ఫైలు దొరకదు. పైగా ఆ ఊరి పేరును కొందరు 'బళ్ళారి' అని వ్రాస్తారు. 'బళ్*రి*' అంటే రెండు రూపాలూ దొరుకుతాయి. పొల్లుతో ముగిసే 'రిజిస్ట్రేషన్' వంటి పేర్ల చివర కొన్ని కీబోర్డులు కంటికి కనబడని వర్ణాన్ని చేరుస్తాయి. అందుచేత తెలుగు పేర్లకు ప్రశ్నార్థకం కంటె నక్షత్రమే మేలు.

వచ్చిన జాబితా వరుసలో ఉంటుందన్న హామీ లేదు. క్రయపత్రం పుటలను ఒకే ఫైలుగా కూర్చేవారు 'సార్టెడ్' అను ఆదేశంతో ముందుగా వరుస పెట్టుకోవలెను. అప్పుడైనా 10వ పుట 2వ పుటకు ముందు వస్తుంది. 01, 02 అని పేర్లు పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

అసలు ప్రమాదం మౌనంలో ఉంది. ఏ ఫైలూ సరిపోకపోతే పైథాన్ తప్పు చూపదు, ఖాళీ జాబితా ఇచ్చి ఊరుకుంటుంది. నకళ్లు తీసే ప్రోగ్రాములో పేరు ఒక్క వర్ణం తప్పితే ఒక్క పత్రమూ చేరదు, పని సజావుగా ముగిసినట్లే కనబడుతుంది. లినక్స్‌లో ఆంగ్లపు పెద్ద, చిన్న బడుల తేడా కూడా లెక్కకు వస్తుంది. కెమెరా తన ఫొటోల తోకపేరును పెద్ద బడిలో వ్రాసి ఉంటే చిన్న బడితో వెదికినవారికి అవి దొరకవు. దొరికినవెన్నో ముద్రించి చూచిన పిమ్మటనే నకలు గాని, తొలగింపు గాని చేయవలెను. తొలగింపు విషయంలో ఇది మరీ ముఖ్యం: యూనిక్స్ షెల్‌లో నక్షత్రం తరువాత పొరపాటున ఒక ఖాళీ పడితే, ఆ ఫోల్డరులోని ఫైళ్లన్నీ పోతాయి.

లోపలి ఫోల్డర్లలోనూ వెదుకుటకు జంట నక్షత్రం 2015లో వెలువడిన 3.5 కూర్పుతో వచ్చింది. 'రికర్సివ్' అను ఎంపికను ఒప్పుకొననిదే అది ఒంటి నక్షత్రంలాగే పనిచేస్తుంది. చుక్కతో మొదలయ్యే పేర్లను నక్షత్రం మామూలుగా పట్టదు. ఫైలు పేరులోనే చదరపు కుండలీకరణం ఉంటే, 'ఎస్కేప్' అను ఆదేశంతో దానిని మామూలు వర్ణంగా మార్చుకొనవచ్చును.