లోహమూర్తి, మానవమూర్తి: ‘మెట్రోపోలిస్’ నాయిక

కావ్యనాయికలకు రెండు జీవితములు గలవు. కవి కల్పించినది మొదటిది; లోకము జ్ఞాపకమున నిలుపుకొన్నది రెండవది. ఈ రెండును ఎల్లప్పుడును ఏకీభవింపవు. చలనచిత్ర నాయికల యెడ ఈ భేదము మరింత స్పష్టముగా గోచరించును. 1927 జనవరి 10వ తేదీన బెర్లిను నగరమున ప్రథమముగా ప్రదర్శింపబడిన జర్మను మూకీ చిత్రము ‘మెట్రోపోలిస్’ నాయిక మరియా ఇందుకు చక్కని ఉదాహరణము. విజ్ఞానకల్పనా చిత్రముల తొలితరపు నాయికలలో ఆమె అగ్రగణ్య. కాని నేడు ఆ చిత్రమును తలచినంతనే మనస్సున మెదలునది ఆమె ముఖము కాదు. ఆమె రూపమును హరించిన లోహయంత్రము. నాయికను మరపించి, ఆమె నకలు అమరత్వము నొందుట ఎట్లు సంభవించినది?

ఫ్రిట్జ్ లాంగ్ దర్శకత్వమున, ఆయన భార్య థియా ఫాన్ హార్బౌ రచనతో, 1925 మే మొదలు 1926 అక్టోబరు వరకు ఈ చిత్రము నిర్మింపబడినది. కథాస్థలము భావికాలపు మహానగరము. ఆకాశహర్మ్యములందు ధనికులు భోగముల ననుభవింతురు. భూగర్భమున శ్రామికులు యంత్రములకు ప్రాణములను ధారపోయుదురు. శ్రామికుల పిల్లలను వెంటబెట్టుకొని మరియా ధనికుల ఉద్యానవనమునకు వచ్చును. ఈ బిడ్డలును మీ తోబుట్టువులేయని వారికి తెలుపుటయే ఆమె మొదటి కార్యము. పిమ్మట భూగర్భ సమాధిగృహములలో ఆమె శ్రామికులకు బాబెలు గోపురపు కథ చెప్పును. గోపురమును ఊహించినవారికిని, రాళ్లు మోసి కట్టినవారికిని నడుమ మాట పొసగక ఆ నిర్మాణము నశించినది. తలకును చేతులకును మధ్య హృదయము సంధాత కావలెనని ఆమె బోధ. ఆమెకు ఆయుధము లేదు, అధికారము లేదు. బలమంతయు వాక్కునందే యున్నది. వాక్కే బలముగా గల నాయికకు మూకీ చిత్రమున జన్మ లభించుట ఒక విచిత్రము.

నగరాధిపతి యో ఫ్రెడెర్సెన్ ఆ వాక్కునకు వెరచెను. శాస్త్రజ్ఞుడు రోట్వాంగ్ నిర్మించిన యంత్రమునకు మరియా రూపము నిమ్మని ఆజ్ఞాపించెను. మరియా బందీయైనది. ఆమె ముఖము ధరించిన యంత్రము ధనికుల సభలో నర్తించి వారిని ఉన్మత్తులను జేసినది. శ్రామికుల సభలో వారిని రెచ్చగొట్టి యంత్రములను ధ్వంసము చేయించినది. అంతట వరద వారి ఇండ్లను ముంచెత్తినది. విజయోన్మాదమున తల్లిదండ్రులు తమ పిల్లలనే మరచిరి. చెఱనుండి తప్పించుకొన్న మరియా ఘంట మ్రోగించి ఆ బిడ్డలను ఒకచోట చేర్చినది. ఫ్రెడెర్సెన్ కుమారుడు ఫ్రెడెర్, అతని మిత్రుడు జోసఫాట్ తోడ్పడగా వారిని రక్షించినది. తుదకు శ్రామికులు కృత్రిమ మరియాను మంత్రగత్తెయని చితిపై దహింపగా, మంటల నడుమ లోహము బయటపడినది.

ఈ రెండు పాత్రలను ధరించినది బ్రిగిట్టె హెల్మ్ ఒక్కతె. 1906లో జన్మించిన ఆమెకు ఇదియే తొలి చిత్రము. నిశ్చలమైన చూపుతో నిజమైన మరియాను, సగము మూసిన కనురెప్పతోను విరుపుగల కదలికలతోను కృత్రిమ మరియాను ఆమె వేరు చేసి చూపినది. లోహదేహము నిజమునకు లోహము కాదు. శిల్పి వాల్టర్ షుల్జె-మిట్టెన్‌డార్ఫ్ కొయ్యపిండి ముద్దతో మలచి, లోహపు వన్నె పూసిన కవచము.

భారతీయ పాఠకునకు మాయారూపము కొత్తది కాదు. వాల్మీకి రామాయణ యుద్ధకాండమున ఇంద్రజిత్తు మాయాసీతను కల్పించి, వానరుల కన్నులయెదుట వధించి, వారి ధైర్యమును పోగొట్టెను. ఫ్రెడెర్సెన్ పన్నాగమును ఇట్టిదే: ప్రజలకు పూజ్యమైన రూపముతో ఆ ప్రజలనే కూల్చుట. ఉత్తరకాండమున మరియొక ప్రతిమ గలదు. సీతను విడనాడిన రాముడు యజ్ఞమునకై కాంచనసీతను నిలిపెను. అది దూరమైన భార్యకు గుర్తు. దానినే సీతయని ఎవరును భ్రమపడలేదు. రోట్వాంగ్ కోరినది గుర్తు కాదు, పోయిన స్త్రీయే మరల రావలెనని. ఈ పోలిక ప్రభావమును నిరూపించుటకు గాక, భేదమును గుర్తించుటకే.

ఆ పోయిన స్త్రీ పేరు హెల్. రోట్వాంగ్ ఆమెను ప్రేమించెను. ఆమె ఫ్రెడెర్సెనును పెండ్లాడి, ఫ్రెడెర్‌ను కని మరణించినది. ఆమెను తిరిగి సృజింపబూని రోట్వాంగ్ తన చేతినే కోల్పోయెను. అనగా ఆ యంత్రము మొదట దుష్టత్వమున గాక దుఃఖమున పుట్టినది. అమెరికాలో ప్రదర్శనకై చిత్రమును కుదించిన నాటకకర్త చానింగ్ పోలక్ ఈ కథనంతయు తొలగించెను. హెల్ అను పేరు ఆంగ్లమున నరకమను మాటవలె వినబడుట అందుకు చెప్పిన కారణము. 1927లోనే జర్మనీలో సైతము చిత్రము కుదింపబడినది. దాదాపు నాల్గవ వంతు పోయినది. పిల్లలను రక్షించు ఘట్టములో కొంత భాగము కూడ అందు పోయినది. కావున లోకపు అభిరుచి మాత్రమే మరియాను మరపింపలేదు. కత్తెరయు అందుకు తోడైనది. యంత్రము పుట్టుకకు గల దుఃఖము పోయినది. నాయిక సాహసము కురుచయైనది. మిగిలినది మెరయు లోహము.

ఆ లోహము కథతో నిమిత్తము లేకయే దేశములు తిరిగినది. జపానులో ఒసాము తెజుకా 1949లో ‘మెట్రోపోలిస్’ అను బొమ్మలకథ రచించినప్పుడు ఆయన ఈ చిత్రమును చూచియుండలేదు. ఒక పత్రికలోని ఛాయాచిత్రమే ఆయనకు ప్రేరణ. 1977లో వెలువడిన ‘స్టార్ వార్స్’ చిత్రపు బంగారు యంత్రపురుషునకు రాల్ఫ్ మెక్వారీ గీచిన తొలి చిత్తరువులు ఈ యంత్రమునకు మిక్కిలి సన్నిహితములు. నాయిక వాక్కు భాష నెఱిగినవారికే చేరును. ప్రతిమకు ఆ కట్టుబాటు లేదు.

మరియా బోధ లోపరహితమని చెప్పజాలము. చిత్రము వెలువడిన యేడే ఎచ్. జి. వెల్స్ దీనిని తీవ్రముగా ఖండించెను. యజమానియు శ్రామికుల నాయకుడును చేయి కలుపుటతో కథ ముగిసినను, శ్రామికునకు దక్కినదేమియో తెలియదు. హృదయమే సంధాతయను సిద్ధాంతమును లాంగ్ సైతము తరువాతి కాలమున తేలికపరచెను. పురుషులకు యంత్రముపట్లగల భయము ఇందు స్త్రీరూపమును దాల్చినదని 1980 దశకపు తొలినాళ్లలో విమర్శకుడు ఆండ్రియాస్ హుయ్సెన్ వివరించెను. పూజింపదగిన స్త్రీ, దహింపదగిన స్త్రీ అను రెండే మూసలను చిత్రము కల్పించినదను ఆక్షేపణమును త్రోసిపుచ్చరాదు.

ఐనను బోధ వేరు, కార్యము వేరు. 2001లో యునెస్కో ప్రపంచస్మృతి పట్టికలో ఈ చిత్రమునకు స్థానము లభించినది. అప్పటికి లోపించిన భాగములు శాశ్వతముగా నశించినవనియే యెంచబడెను. 2008లో బ్యూనోస్ ఐరిస్ చలనచిత్ర ప్రదర్శనశాలలో గీతలు పడిన 16 మిల్లీమీటర్ల ప్రతి యొకటి బయటపడినది. దానినుండి సుమారు 25 నిమిషముల భాగము తిరిగి చేర్పబడి, 2010 ఫిబ్రవరి 12న బెర్లినులో ప్రదర్శితమైనది. ఆ గీతల వెనుక హెల్ స్మారకశిల్పము కనబడును. నీరు పొంగుచుండగా మెట్లపై ఇనుప కటకటాలవద్ద చిక్కుకొన్న పిల్లలు కనబడుదురు. వారిని కాపాడుటకు మరియాకు ఏ సిద్ధాంతమును అవసరము కాలేదు, ఎవరి ఆజ్ఞయు అవసరము కాలేదు. యంత్రము చేసిన ప్రతి కార్యమును ఇతరుల సంకల్పము. ఇది మాత్రము ఆమెదే. ఎనుబదియేండ్లు లోకము ఈ ఘట్టమును సంపూర్ణముగా చూడలేదు. నాయికను అంచనా కట్టబూనినవారు ఇక ఇచ్చటినుండి ఆరంభింపవలసియున్నది.