మునిగిన ఓడల చెంతకు సురక్షితంగా: స్కూబా డైవర్లు నేర్వవలసిన పాఠాలు

శ్రీలంక తూర్పు తీరంలోని బట్టికలోవా సమీపంలో 1942 ఏప్రిల్ 9న జపాన్ విమానాల దాడిలో బ్రిటిష్ విమానవాహక నౌక హెచ్‌ఎంఎస్ హెర్మిస్ మునిగిపోయింది. మూడు వందల మందికి పైగా నావికులు ప్రాణాలు కోల్పోయారు. ఒక పక్కకు ఒరిగిన ఆ నౌక నేటికీ 50 మీటర్లకు పైబడిన లోతున సముద్రపు అడుగున ఉంది. దానిని చూడాలన్న కోరికతో అనేక దేశాల డైవర్లు అక్కడికి వస్తుంటారు. అయితే వినోదం కోసం చేసే స్కూబా డైవింగ్‌కు శిక్షణ సంస్థలు పాటించే గరిష్ఠ లోతు 40 మీటర్లు మాత్రమే. అందువల్ల సాధారణ ధ్రువపత్రం ఉన్నవారికి హెర్మిస్ తగిన గమ్యం కాదు. ఏ ఓడ వద్దకు, ఎంత దూరం వెళ్లకూడదో తెలుసుకోవడమే ఈ విద్యలో మొదటి పాఠం.

తల మీద కప్పు ఉంటే

బహిరంగ సముద్రంలో ఇబ్బంది ఎదురైతే డైవర్ నెమ్మదిగా నేరుగా ఉపరితలానికి చేరుకోవచ్చు. ఓడ లోపలికి ప్రవేశించిన క్షణం నుంచి ఆ అవకాశం ఉండదు. పైన ఉక్కు కప్పు ఉంటుంది. వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, ద్వారం దాటిన తర్వాతనే పైకి రావాలి. ఓడ పక్కకు ఒరిగి ఉంటే నేల గోడగా, గోడ కప్పుగా కనిపించి దిక్కు తెలియకుండా పోతుంది.

మరో ప్రమాదం ఒండ్రు. ఓడ గదుల్లో దశాబ్దాలుగా పేరుకున్న మెత్తని బురదను పాదాల రెక్కలతో ఒక్కసారి కదిలిస్తే చాలు, నీరు మసకబారి చేతికి ఎదురుగా ఉన్నది కూడా కనిపించదు. డైవర్ వదిలే గాలి బుడగలు తగిలినా కప్పు నుంచి తుప్పు పెచ్చులు రాలుతాయి. అందుకే నీటిలో తేలకుండా, మునగకుండా ఒకే మట్టంలో నిలవగలగడం, అడుగును తాకకుండా కప్పలా కాళ్లను పక్కలకు కదిలిస్తూ ఈదడం ఈ శిక్షణకు పునాదులు.

శిక్షణ క్రమం

అంతర్జాతీయ శిక్షణ సంస్థ పీఏడీఐ విధానంలో తొలి మెట్టు ఓపెన్ వాటర్ కోర్సు. పాఠాలు, ఈతకొలనులో అభ్యాసం, ఆపై సముద్రంలో డైవ్‌లు ఇందులో భాగాలు. ఇది పూర్తి చేసిన వయోజనులు 18 మీటర్ల లోతు వరకు వెళ్లవచ్చు. తర్వాతి మెట్టు అయిన అడ్వాన్స్‌డ్ కోర్సుతో ఆ పరిమితి 30 మీటర్లకు పెరుగుతుంది. మునిగిన ఓడలకు సంబంధించి వేరుగా ప్రత్యేక కోర్సు ఉంటుంది.

ఈ ప్రత్యేక కోర్సులో విద్యార్థులు మొదట ఓడ వెలుపలే తిరుగుతారు. దాని ఆకారాన్ని, ద్వారాలను, ప్రమాదకరమైన భాగాలను గుర్తించి పలకపై పటం గీస్తారు. దారి చూపే తాడును విప్పడం, కట్టడం, తిరిగి చుట్టడం కూడా బయటే సాధన చేస్తారు. ఆ తర్వాతే పరిస్థితులు అనుకూలిస్తే శిక్షకుని పర్యవేక్షణలో లోపలికి ప్రవేశిస్తారు. అప్పుడు కూడా రెండు హద్దులు ఉంటాయి. సహజమైన వెలుతురు కనిపించే మేరకే వెళ్లాలి. ఉపరితలం నుంచి చేరుకునే చివరి బిందువు వరకు, లోతుతో కలిపి మొత్తం దూరం 40 మీటర్లు మించకూడదు. ఓడ ద్వారం 25 మీటర్ల లోతున ఉంటే లోపలికి 15 మీటర్లకు మించి వెళ్లరాదన్నమాట.

గాలి లెక్క

లోతు పెరిగే ప్రతి 10 మీటర్లకు పీడనం దాదాపు ఒక వాతావరణం మేర పెరుగుతుంది. 30 మీటర్ల లోతున అది ఉపరితలం కంటే నాలుగు రెట్లు ఉంటుంది. సిలిండర్‌లోని గాలి కూడా నాలుగు రెట్ల వేగంతో ఖర్చవుతుంది.

ఉదాహరణకు 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ పీడనం వరకు నింపితే సుమారు 2,400 లీటర్ల గాలి లభిస్తుంది. ఉపరితలంపై నిమిషానికి 20 లీటర్లు పీల్చే వ్యక్తికి 30 మీటర్ల లోతున నిమిషానికి 80 లీటర్లు కావాలి. అంటే ఉన్న గాలి అంతా 30 నిమిషాల్లో అయిపోతుంది. కంగారు పడితే శ్వాస వేగం పెరిగి ఆ వ్యవధి మరింత తగ్గుతుంది.

అందుకే ఓడ లోపలికి వెళ్లేవారు మూడో వంతు నియమాన్ని పాటిస్తారు. ఒక వంతు గాలి వెళ్లడానికి, ఒక వంతు తిరిగి రావడానికి, మిగిలిన వంతు అత్యవసర పరిస్థితికి. పై లెక్కలో వెళ్లడానికి దక్కే వ్యవధి 10 నిమిషాలే. ఇద్దరిలో ఎవరి గాలి మూడో వంతు ముందుగా ఖర్చయినా ఇద్దరూ వెనుదిరగాలి. జతలో ఒకరి సిలిండర్ పనిచేయకపోతే రెండో వ్యక్తి వద్ద మిగిలిన గాలితోనే ఇద్దరూ బయటపడాలి.

తాడు, దీపం, కత్తి

దారి తాడును మొదట ఓడ వెలుపల, తర్వాత ద్వారం లోపల మరోసారి కట్టి ముందుకు సాగాలి. వెలుతురు పూర్తిగా పోయినా వేళ్లను తాడు చుట్టూ వలయంలా ఉంచి, తోటి డైవర్ చేయి వదలకుండా బయటకు రావచ్చు. కళ్లు మూసుకుని ఈ పద్ధతిని ముందుగా నేలపై సాధన చేయడం మేలు.

ఒక్కొక్కరి వద్ద ఒక ప్రధాన దీపం, కనీసం ఒక అదనపు దీపం ఉండాలి. మరింత లోపలికి వెళ్లే నిపుణులు రెండు అదనపు దీపాలు తీసుకువెళ్తారు. ఓడ శిథిలాలకు చేపల వలలు చిక్కుకుని ఉంటాయి కాబట్టి తాడును కోయగల కత్తి చేతికి అందేచోట ఉండాలి. పదునైన లోహపు అంచుల నుంచి, విషపు ముళ్లున్న చేపల నుంచి రక్షణగా ఒంటిని కప్పే దుస్తులు ధరించాలి. టెటనస్ టీకా వేయించుకుని ఉండటం మంచిది.

ఏ ఓడతో మొదలుపెట్టాలి

ప్రమాదంలో మునిగిన ఓడలు వేరు, ఉద్దేశపూర్వకంగా ముంచిన ఓడలు వేరు. రెండో రకం వాటిలో నూనెలను, తీగలను ముందుగానే తొలగించి, వెడల్పైన ద్వారాలను తెరిచి ఉంచుతారు. నౌకాదళ సేవల నుంచి 2024లో విరమించిన ఐఎన్‌ఎస్ గుల్దార్‌ను మహారాష్ట్రలోని సింధుదుర్గ్ తీరంలో నీటి అడుగు ప్రదర్శనశాలగా మార్చే ప్రాజెక్టు ఈ కోవకు చెందినదే. కొత్తగా నేర్చుకునేవారికి తక్కువ లోతున, ప్రవాహం తక్కువగా ఉన్నచోట ఉండే ఇటువంటి ఓడలు అనువైనవి.

కొన్ని ఓడలు మాత్రం సందర్శన స్థలాలు కావు. 1971 డిసెంబరు యుద్ధంలో విశాఖపట్నం తీరానికి సమీపాన మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీలో ఉన్నవారంతా మరణించారు. హెర్మిస్ కూడా ఎందరో నావికుల సమాధి. యుద్ధనౌకల శిథిలాల నుంచి చిన్న వస్తువును కూడా కదిలించకపోవడం, అనుమతి లేనిచోట ప్రవేశించకపోవడం మృతుల పట్ల చూపవలసిన గౌరవం. యునెస్కో 2001 ఒప్పందం కూడా వందేళ్లకు పైగా నీటిలో ఉన్న సాంస్కృతిక అవశేషాలను ఉన్నచోటనే పరిరక్షించడాన్ని తొలి మార్గంగా పేర్కొంటోంది.

బయలుదేరే ముందు, తిరిగి వచ్చాక

ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి సమస్యలు ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా డైవింగ్ చేయరాదు. 30 మీటర్ల ప్రాంతంలో నైట్రోజన్ ప్రభావం వల్ల మత్తు కమ్మి, నిర్ణయ శక్తి మందగించవచ్చు. అటువంటప్పుడు కొంత పైకి వస్తే ఆ స్థితి తగ్గుతుంది. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లు మించకుండా, 5 మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగి రావడం క్షేమకరం. తొందరపడితే కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం వరకు దారితీసే డికంప్రెషన్ వ్యాధి సోకవచ్చు. దీని చికిత్సకు పీడన గది అవసరం. అది సమీపంలో ఎక్కడ ఉందో, పడవలో ఆక్సిజన్ ఉందో లేదో ముందుగానే నిర్వాహకులను అడగాలి.

అండమాన్ వంటి ప్రాంతాల నుంచి విమానంలో తిరిగి వచ్చేవారు ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరుసగా చేస్తే కనీసం 18 గంటలు వేచి ఉండాలి. ప్రయాణ ప్రణాళికలో చివరి రోజును డైవింగ్‌కు కేటాయించకపోవడం ఉత్తమం.

నీరు మసకగా ఉన్నా, ప్రవాహం పెరిగినా, దీపం మొరాయించినా, మనసు వద్దన్నా ద్వారం వద్దనే ఆగిపోవాలి. ఆ మాట చెప్పే హక్కు జతలోని ప్రతి ఒక్కరికీ ఉంటుంది. కారణం చెప్పవలసిన అవసరం లేదు, ఎదుటివారు ప్రశ్నించనూ కూడదు. ఓడ అక్కడే ఉంటుంది. పరిస్థితులు అనుకూలించిన మరో రోజున దానిని చూడవచ్చు.