ఐఎన్‌ఎస్ ఢిల్లీ: పదేళ్ల జాప్యానికి అసలు కారణం

ఐఎన్‌ఎస్ ఢిల్లీ గురించి వచ్చిన రాతలు చాలావరకు రెండు విషయాలు చెప్పి ఊరుకుంటాయి. అప్పటికి మన దేశంలో కట్టిన యుద్ధనౌకల్లో ఈ డిస్ట్రాయరే పెద్దది. చాలా ఆలస్యంగా వచ్చింది. ఆలస్యానికి కారణం ఏమిటంటే కొందరు ప్రభుత్వ రంగపు అలసత్వమని నౌకను కట్టిన మజగావ్ డాక్‌ను తప్పుపడతారు, మరికొందరు సోవియట్ యూనియన్ కూలిపోవడమే కారణమంటారు. తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి వాదన నిలవదు. రెండోది సగమే నిలుస్తుంది.

ముందు కథ తెలిసిందే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బ్రిటన్ నుంచి కొన్న పాత డిస్ట్రాయర్లతో కాలం గడిచింది. 1980 నుంచి 1987 దాకా రాజ్‌పుత్ తరగతి నౌకలు అయిదు సోవియట్ యూనియన్ నుంచి వచ్చాయి. (విశాఖలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథ చెప్పేటప్పుడు వినిపించే రాజ్‌పుత్ ఇది కాదు. 1971 నాటిది బ్రిటన్‌లో కట్టిన పాత రాజ్‌పుత్. సోవియట్ రాజ్‌పుత్ 2021 మే 21న విశాఖలోనే విరమించింది. రెంటినీ కలిపేసి రాయడం ఇకనైనా మానాలి.) ఈలోగా ముంబయిలో మజగావ్ డాక్‌కు నీలగిరి, గోదావరి ఫ్రిగేట్లు కట్టడంతో చేయి తిరిగింది.

ఇక్కడ ఒక ఊరి పేరు గుర్తుంచుకోవాలి: నల్లసముద్రానికి దగ్గరగా, నేటి ఉక్రెయిన్‌లో ఉన్న నికొలాయెవ్. రాజ్‌పుత్‌ను కట్టింది అక్కడే. దాని పెద్ద బలం గ్యాస్ టర్బైన్లు. వాటిని తయారుచేసే జోర్యా కర్మాగారం కూడా ఆ ఊళ్లోనే ఉంది. 1976 సెప్టెంబరులో కీల్ (నౌక అడుగు దూలం) వేసిన రాజ్‌పుత్ 1980 మే నెలలో మన నౌకాదళంలో చేరింది. నాలుగేళ్లు కూడా పట్టలేదు. నౌకా, ఇంజనూ ఒకే ఊరివి, ఆయుధాలు అదే దేశానివి అయినప్పుడు పని ఎంత వేగంగా సాగుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఢిల్లీకి 1987 నవంబరు 14న కీల్ వేశారు. 1991 ఫిబ్రవరి 1న జలప్రవేశం. నౌకాదళంలో చేరింది 1997 నవంబరు 15న. మొత్తం పదేళ్లు. ఆ పదేళ్లను ముక్కలు చేసి చూడాలి. నౌక శరీరం కట్టడానికి మూడేళ్ల పైచిలుకు పట్టింది. నీటిలోకి దిగాక ఆరేళ్ల తొమ్మిది నెలలు గడిచాయి. అదే తరగతిలోని మైసూర్ కీల్ నుంచి జలప్రవేశానికి రెండేళ్ల నాలుగు నెలలు తీసుకుంది. ఆ తర్వాత ఆరేళ్లు ఆగింది. మూడో నౌక ముంబయి రెండేళ్ల మూడు నెలల్లో నీటిలోకి దిగి, ఆ తర్వాత ఇంచుమించు ఆరేళ్లు ఆగింది. ఉక్కు పని నౌక నౌకకూ వేగం పుంజుకుంది. నీటిలో తేలుతూ గడిపిన కాలం మాత్రం పెద్దగా తగ్గలేదు. రేవులో పనివాళ్ల బద్ధకమే కారణమైతే అది మొదట ఉక్కు పనిలోనే కనిపించి ఉండాలి.

అయితే జలప్రవేశం తేదీని మరీ నమ్ముకోకూడదు. నౌకను నీటిలోకి దించేనాటికి లోపల పని ఎంతవరకు అయిందనేది ఒక్కో రేవులో ఒక్కో తీరు. ఖాళీ పెంకును త్వరగా దించేస్తే లెక్క అందంగానే కనిపిస్తుంది. ఈ అనుమానాన్ని లెక్కలోకి తీసుకున్నా, మజగావ్ డాక్‌ది ప్రధాన దోషం అనడానికి నాకు ఆధారం కనిపించదు.

1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ రద్దయింది. ఒకే ప్రభుత్వం కింద పనిచేసిన కర్మాగారాలు రెండు దేశాల పాలయ్యాయి: ఢిల్లీకి కావలసిన టర్బైన్లు ఉక్రెయిన్‌లో, క్షిపణులు రష్యాలో. రూపాయి-రూబుల్ ఖాతా మూతపడి డాలర్లు అడిగే రోజులొచ్చాయి. మన దగ్గరేమో ఆ ఏడాదే బంగారం తాకట్టు పెట్టుకోవలసిన పరిస్థితి. ఇంత జరిగాక ఆలస్యం కాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

కానీ ఈ వివరణతో సరిపెట్టుకునేవాళ్లు తర్వాతి తరగతి సంగతి దాటవేస్తారు. కోల్‌కతాకు 2003లో కీల్ వేశారు, 2006 మార్చిలో నీటిలోకి దించారు, 2014 ఆగస్టు 16న నౌకాదళంలో చేర్చుకున్నారు. జలప్రవేశం తర్వాత ఎనిమిదేళ్లు దాటింది. అప్పుడు ఏ దేశమూ కూలిపోలేదు. ఇజ్రాయెల్‌తో కలిసి తయారుచేస్తున్న బరాక్-8 క్షిపణి సిద్ధం కాలేదు. అది లేకుండానే నౌక చేరింది, ఆ క్షిపణిని దాని మీంచి మొదటిసారి ప్రయోగించింది 2015 చివర్లో. విశాఖపట్నం నౌక సంగతీ అంతే: 2015 ఏప్రిల్‌లో జలప్రవేశం, 2021 నవంబరులో చేరిక.

అంటే సోవియట్ పతనం జబ్బును ముదరబెట్టింది, పుట్టించలేదు. ఇంకా రూపు ఖరారు కాని ఆయుధాన్నీ, పరాయి చేతిలో ఉన్న యంత్రాన్నీ నమ్ముకుని ముందే కీల్ వేయడం అసలు జబ్బు. ఢిల్లీకి అమర్చిన ఉరాన్ క్షిపణిని రష్యా నౌకాదళం లాంఛనంగా స్వీకరించింది 2003లో. అప్పటికి మన నౌక దాన్ని మోయడం మొదలై ఆరేళ్లయింది! దీన్ని సాహసం అనవచ్చు. సొంతవాళ్లే ఇంకా వాడని ఆయుధం కోసం ఎదురుచూస్తే కాలం మన చేతిలో ఉండదన్నదీ అంతే నిజం.

చేరాక ఢిల్లీ బాగా పనిచేసింది. 1999లో కార్గిల్ యుద్ధ సమయంలో అరేబియా సముద్రంలో పశ్చిమ నౌకాశ్రేణితో మోహరించింది. తోటి నౌకల్లో ముంబయి 2006లో బీరుట్ నుంచి, 2015లో యెమెన్ నుంచి మనవాళ్లను తరలించడానికి వెళ్లింది. ఢిల్లీ ఇటీవలి ఏళ్లలో విశాఖ కేంద్రంగా తూర్పు నౌకాశ్రేణిలో తిరుగుతోంది. కొత్త లాంచరుతో 2022 ఏప్రిల్‌లో బ్రహ్మోస్‌ను ప్రయోగించింది. పాతికేళ్ల నౌకకు కొత్త ఆయుధం పట్టిందంటే మన రూపకర్తలు లోపల జాగా వదిలి కట్టారన్నమాట. ఆ ఘనత వాళ్లకు దక్కాలి.

ఇప్పటి నౌకల మీద చేసే గొప్పలను మాత్రం నేను పూర్తిగా ఒప్పుకోలేను. విశాఖపట్నం 75 శాతం స్వదేశీ అని ప్రకటించారు. విలువ లెక్కన అది సరే కావచ్చు. కానీ నౌకను నడిపే టర్బైన్లు ఆ జోర్యావే. 2022 నుంచి నికొలాయెవ్ మీద రష్యా బాంబులు పడుతున్నాయి. మనకోసం రష్యాలో కట్టిన తుశిల్ ఫ్రిగేట్‌కు ఉక్రెయిన్ ఇంజన్లను మనమే కొని ఇవ్వవలసి వచ్చింది. గుండెకాయ బయటిదైనప్పుడు శాతాలు చెప్పి ధైర్యపడటం నాకు నచ్చదు.

సూరత్ 2022 మే నెలలో నీటిలోకి దిగి 2025 జనవరి 15న చేరింది, అంటే రెండేళ్ల ఎనిమిది నెలలు. మజగావ్ డాక్ తీరు మారిపోయిందని దీన్ని చూపిస్తున్నారు. కానీ సూరత్ విశాఖపట్నం నమూనాలోనే కట్టిన నాలుగో నౌక. దాని ఆయుధాలూ ఇంజన్లూ అప్పటికే తేలిపోయిన వస్తువులు. ఎదురుచూడవలసింది తగ్గింది కనుకే వేగం వచ్చింది. కొత్త నమూనాలో వచ్చే డిస్ట్రాయర్‌కు టర్బైన్ ఎక్కడిదో, క్షిపణి ఏదో తేలకముందే కీల్ వేస్తే ఢిల్లీ తేదీలే మళ్లీ రాసుకోవలసి వస్తుంది.