కళ్ళు పచ్చబడితే పసరు మందు చాలా?

కళ్ళు పచ్చబడితే మన ఊళ్ళలో ముందు గుర్తొచ్చేది పసరు మందు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకి దక్కుతుంది. కానీ కాలేయం నుంచి పేగులోకి పైత్యరసం తెచ్చే నాళం రాయితోనో, కణితితోనో మూసుకుపోతే ఏ పసరూ దాన్ని తెరవలేదు. డాక్టర్లు దాన్ని తెరవడం ఎలా నేర్చుకున్నారో తెలుసుకుందాం.

ఒకప్పుడు పొట్ట కోయడమే మార్గం. 1968లో అమెరికాలో మెక్యూన్ అనే సర్జన్ బృందం నోటి గుండా గొట్టం దింపి, ఆ నాళం పేగులో తెరుచుకునే చోట మందు ఎక్కించి ఎక్స్‌రే తీసింది. 1974లో జర్మనీ, జపాన్ డాక్టర్లు అదే దారిలో వెళ్ళి, నాళం ద్వారాన్ని కొద్దిగా కోసి రాళ్ళు తీయవచ్చని చూపారు. ఇండోనేషియా నుంచి వలస వెళ్ళి జర్మనీలో స్థిరపడ్డ నిబ్ సోహెంద్ర, మూసుకున్న నాళంలో ప్లాస్టిక్ గొట్టం (స్టెంట్) పెట్టిన పద్ధతిని 1980లో ప్రకటించారు. ఈ దారినే ఇ.ఆర్.సి.పి. అంటారు.

కణితి ఆ ద్వారాన్నే నొక్కేస్తే? అప్పుడు చర్మం మీదుగా కాలేయంలోకి సూది దింపి పైత్యరసాన్ని బయటికి తీసేవారు. రోగి పక్కన సంచీ వేలాడుతూ ఉండేది.

1980 నాటికి గొట్టం కొసకే అల్ట్రాసౌండ్ అమర్చారు. పేగు లోపలి నుంచే గోడ అవతలి నాళం కనిపించసాగింది. ఫ్రాన్సులోని మార్సెయ్‌లో డాక్టర్ జియోవానిని, మూసుకున్న వాకిలి వదిలేసి, దొంగ గోడకి కన్నం వేసినట్టు, పేగు గోడలోంచి నాళంలోకి కొత్త దారి తీసి స్టెంట్ పెట్టారు. ఇది 2001లో వెలువడింది. అయితే పైత్యరసం కడుపులోకి కారితే ప్రాణాపాయం. అందుకే చాలాకాలం పాత పద్ధతి కుదరనప్పుడే దీన్ని చేసేవారు. రెండు కొసలూ వెడల్పుగా ఉండి, గోడలు రెంటినీ పట్టి ఉంచే లోహపు స్టెంట్లు వచ్చాక భయం తగ్గింది.

ఇక్కడ కెనడా పాత్ర పెద్దది. మాంట్రియల్ మెక్‌గిల్ యూనివర్సిటీ డాక్టర్ యెన్-ఐ చెన్ బృందం, క్యాన్సర్ వల్ల నాళం మూసుకున్న 144 మందిలో కొందరికి పాత పద్ధతి, కొందరికి కొత్త పద్ధతి మొదటే చేసి చూసింది. 2023లో ఫలితాలు వచ్చాయి. పాతదానికి సగటున 23 నిమిషాలు, కొత్తదానికి 14 నిమిషాలు పట్టింది. ఏడాదిలో స్టెంట్ చెడిపోవడం రెండింటిలోనూ దాదాపు సమానమే. దీనితో క్యాన్సర్ పోదు. కామెర్లు తగ్గి, మందులు మొదలుపెట్టే వీలు కలుగుతుంది. రాళ్ళకు మాత్రం నేటికీ ముందు ఇ.ఆర్.సి.పి.నే చేస్తారు. డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో రెండు పద్ధతులూ ఉన్నాయి.

క్యాంపులో ఉన్న సోదరులారా! కళ్ళు పచ్చబడి, మూత్రం ముదురు రంగులో, మలం తెల్లగా వస్తూ, ఒళ్ళంతా దురద పెడితే రొటేషన్ అయ్యాక చూపించుకుందాం అనుకోకండి. ఆల్బర్టాలో 811కి ఫోన్ చేస్తే రాత్రి పగలు నర్సు సలహా ఇస్తుంది. చలి జ్వరం, కడుపునొప్పి కూడా తోడైతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఒక షిఫ్టు పోతే మళ్ళీ వస్తుంది.